ఇందూరు సీమలో క్రైస్తవ శిష్యరికము

శిష్యరికమనగా మన పెద్దల వాడుకలో గురువుగారి మాటలు విని యింటికి మరలుట కాదు. గురువుగారి యింటనే యుండుట. ఆవులను తోలుచు, నీళ్లు మోయుచు, సమిధలు తెచ్చుచు శిష్యుడు చదువు నేర్చెను. ఆ చదువుతోపాటు, గురువుగారు ఆకలిగొన్నప్పుడు ఎట్లుందురో, అతిథి వేళగాని వేళ వచ్చినప్పుడు ఏమి చేయుదురో, భార్యతో ఎట్లు మాటలాడుదురో కూడ నేర్చెను. కంసాలి కుమారుడు కొలిమి యొద్దను, సాలెవాని కుమారుడు మగ్గము గుంట యొద్దను నేర్చుకొనునదియు నిట్టిదే. క్రైస్తవ మతమునకు మూలమైన శిష్యరికము సైతము ఈ జాతిలోనిదే యని మన చదువరులలో పలువురు గమనించి యుండరు. యేసు పండ్రెండుగురిని వెంటబెట్టుకొని నడచెను, వారితో భుజించెను, వారి పడవలో నిద్రించెను. తిమోతి యను యువకునికి తొలి గురువులు అతని అవ్వ లోయియు, తల్లి యునీకేయు నని పౌలు లేఖవలన తెలియుచున్నది. వారికి వేరే బడి యున్నట్లు కానరాదు. వంటయిల్లే వారి బడి.

ఈ పద్ధతి మన తెలంగాణమున, నిజామాబాదు ప్రాంతమున, ఎట్లు వేరూనెనో, ఎచ్చట తడబడెనో విచారింప దలచితిమి. మతములలో ఏది మేలైనదను వాదముతో మాకిచ్చట పనిలేదు. ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని ఎట్లు తీర్చిదిద్దుననునదే మా ప్రశ్న.

నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. వెస్లియను మెథడిస్టు సంఘమువారు పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున సికిందరాబాదులో స్థిరపడి, అచ్చటినుండి కరీంనగరము, మెదకు, ఇందూరు వైపులకు వ్యాపించిరి. మెదకులో చార్లెసు వాకర్ పాస్నెట్టుగారు కట్టించిన గొప్ప దేవాలయము 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడెను. దానిని చూడవచ్చువారు రంగుటద్దముల కిటికీలను, ఎత్తైన శిఖరమును చూచి ఆశ్చర్యపడి పోవుదురు. అయితే ఆ మతము పల్లెలలో నిలిచినది ఉపదేశి గుడిసె వాకిట.

ఆ గుడిసెను గూర్చి కొంత చెప్పవలసియున్నది. పగలెల్ల దొరల పొలములలోను వెట్టిచాకిరిలోను గడచెడి మాల మాదిగ కుటుంబములకు తీరిక దీపము పెట్టిన పిమ్మటనే. కావున వారి బడి రాత్రిబడి. ఉపదేశి జీతము స్వల్పము, చదువును స్వల్పమే. కాని అతడు వాడలోనే కాపురముండెను. అతని బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు అతడు మంత్రగానిని పిలుచునో లేదో వాడయంతయు చూచుచుండెను. అతడు త్రాగునో త్రాగడో, భార్యను కొట్టునో కొట్టడో అందరికిని తెలియును. ఆతని భార్య బావికడ చెప్పిన మాట అతని ఆదివారపు ప్రసంగముకంటె దూరము పోయెడిది. ఆమెకు జీతములేదు. ఈ చరిత్ర వ్రాసినవారు పాస్నెట్టుగారి పేరును మరువలేదు గాని యిట్టి స్త్రీల పేళ్లు వ్రాసి పెట్టుటకు వారికి తోచలేదు. వంటకు బియ్యము కొలుచునప్పుడు దేవుని పేర ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయు ఆచారము తెలుగు క్రైస్తవుల యిండ్లలో ప్రసిద్ధము. బిడ్డకు మొట్టమొదట దానమును నేర్పినది ఆ కుండయే యని మేమనుకొందుము.

మతము పుచ్చుకొనుట ఆ వాడలలో ఒంటరి మనిషి పని కాదు. ఒక్కడు బాప్తిస్మము పొందినచో వానికి పిల్ల నిచ్చువారెవరు? చచ్చినప్పుడు పాడె మోయువారెవరు? కులపెద్దలు కూర్చుండి మాటలాడుకొని, చుట్టములకు కబురంపి, కుటుంబములు కుటుంబములుగా కదలివచ్చిరి. భారతదేశపు క్రైస్తవులలో అధికసంఖ్యాకులు ఈ విధముగనే చేరిరని పికెట్టు అను అమెరికా మతాచార్యుడు 1933వ సంవత్సరపు తన గ్రంథమున విస్తరించి వ్రాసెను. గుంపుగా వచ్చినవారి భక్తి నిజమైనది కాదని ఆనాడును ఈనాడును అనువారు కలరు. మనలో ఎవరి మతము గుంపుగా రాలేదో వారు ఆ మాట యనవచ్చును.

చదువురానివారికి వేదాంతము చెప్పుట ఎట్లు? పాటచేత. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు మన రాగతాళములలో రచించిన కీర్తనలు అక్షరము తెలియని అవ్వలకు సైతము కంఠస్థములయ్యెను. పి. వై. లూకా, జాన్ కార్మన్ అను ఇరువురు మెదకు మండలమున వడియారము చుట్టుపట్ల పల్లెలలోని సంఘములను పరిశోధించి 1968వ సంవత్సరమున ఒక గ్రంథము వెలువరించిరి. పల్లె క్రైస్తవుని విశ్వాసమునకు ఈ కీర్తనలు ఎంత ఆధారమో అందు చూపిరి. మరియొక సంగతియు దాచక వ్రాసిరి: ఆ కుటుంబములలో పలువురు గ్రామదేవతల కొలుపులను, పూర్వపు ఆచారములను పూర్తిగ విడిచిన వారు కారు. దీనిని విశ్వాసలోపమని కొందరందురు. మా అభిప్రాయము వేరు. గృహమే పాఠశాలయైనచోట గురువు ఒక్కడే యుండడు. ఉపదేశి ఒకటి నేర్పుచుండగా అవ్వ మరియొకటి నేర్పును. పోచమ్మను ఎరిగినదియు ఆ అవ్వయే, కీర్తన ఎరిగినదియు ఆ అవ్వయే. ఇంటిచేత నేర్పింప దలచినవాడు ఇల్లు నేర్పునదంతయు సహింపవలసియుండును.

ఇంతవరకు ఇల్లున్నవారి మాట. ఇల్లే లేనివారి సంగతి యేమి? ఇందూరు సీమ చరిత్రలో మాకు మిక్కిలి ముఖ్యమని తోచినది ఈ ఘట్టము.

అబర్డీను విశ్వవిద్యాలయమున 1903వ సంవత్సరమున వైద్యపట్టము పొందిన ఇసబెల్ కెర్ అను స్కాట్లండు స్త్రీ, బోధకుడైన తన భర్త జార్జి కెర్‌తో 1907వ సంవత్సరమున ఈ దేశమునకు వచ్చి, నిజామాబాదులో వైద్యము చేయసాగెను. ఆమె యొద్దకు వచ్చువారిలో కుష్ఠరోగు లుండిరి; వారిని ఉంచుకొనుటకు చోటు లేదు. మన పల్లెలలో ఆ వ్యాధి పేరు పలుకుటకు సైతము జంకి పెద్దరోగమనెడివారు. సూక్ష్మజీవియే దీనికి కారణమని నార్వేదేశపు హాన్సెను 1873వ సంవత్సరముననే కనిపెట్టెను. అయినను ఇది పూర్వజన్మ పాపమనియు, వంశమున పారు దోషమనియు మనవారు నమ్మిరి. తల్లిని కొడుకు ఊరిబయట విడిచెను, భార్యను భర్త పుట్టినింటికి తరిమెను. పుట్టినింటివారు తలుపు తీయలేదు.

1911వ సంవత్సరమున కెర్ దంపతులు చిన్న ఆశ్రమము నొకదానిని ప్రారంభించిరి. అది శీఘ్రముగ నిండిపోయెను. అప్పుడు నర్సాగౌడు అను హిందూ దాత విశేష ధనమిచ్చి ఆదుకొనెను. 1915వ సంవత్సరమున డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠరోగ వైద్యశాల వెలసెను. దాత హిందువు, రాజ్యము మహమ్మదీయ ప్రభువుది, వైద్యురాలు క్రైస్తవురాలు, రోగులు అన్ని కులములవారు. ఒకే బావి నీళ్లు త్రాగుటకు ఊరిలో సమ్మతింపనివారు అచ్చట ఒకే వరుసలో కూర్చుండి సూదిమందునకై చేయి చాచిరి.

ఆ మందును గూర్చి చెప్పక తీరదు. చాల్‌మూగ్రా జాతి గింజల నూనె మన దేశమున పూర్వమునుండి ఈ వ్యాధికి వాడుకలో నున్నదే. కడుపులోనికి పుచ్చుకొన్నచో వాంతి పుట్టించును. కలకత్తాలో లెనార్డు రోజర్సుగారు ఆ నూనెనుండి చేసిన మందులను సూదితో ఎక్కించు పద్ధతిని వృద్ధిచేయగా, డిచ్‌పల్లిలో దానిని అనుసరించిరి. సూది బాధాకరము, ఒకటి రెండుతో తీరునది కాదు. నెలలు, సంవత్సరములు పట్టును. వ్యాధి తొలి దశలోనున్నవారికి మేలు కలిగెను. ముదిరినవారికి అంతగా లేదు. మందు ఇంత మెల్లగా పనిచేయుటవలననే ఆ వైద్యశాల ఇల్లయ్యెనని మా ఊహ. వారము దినములలో నయమయ్యెడి రోగి వైద్యుని మొగము మరచును. రెండేండ్లు ఒకచోట నుండినవాడు ప్రక్కవాని కట్టు విప్పి పుండు కడుగుట నేర్చును. తాను మొదట ఏడ్చినట్లే క్రొత్తగా వచ్చినవాడు ఏడ్చుచుండ వాని యొద్ద కూర్చుండును. ఇట్టి ఆశ్రమములలో పెక్కింటియందు రోగులకు పరిచారకులు రోగులే. శిష్యుడు గురువగుట గ్రంథములలో చదువుదుము. ఇచ్చట అది పుండు కడుగు నీళ్లకుండ యొద్ద జరిగెను.

ఒక్క సందేహము మమ్ము వదలలేదు. పోవుటకు వేరుచోటు లేనివానికి అన్నమును మందును ఇచ్చుచు, ఆ చేతితోనే మతమును చూపినచో, వాడు దానిని స్వీకరించుట స్వేచ్ఛ యగునా? 1930 దశకమున గాంధీగారు హరిజన పత్రికలో మిషనరీలను ఇట్టి ప్రశ్నలే అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. కృతజ్ఞతయు విశ్వాసమును ఒకే ముఖముతో కానవచ్చును, పరీక్షించువాడెవడు? కాని ఆ రోగిని త్రోసివేసిన ఇంటివారికి ఈ ప్రశ్న వేయు అర్హత కలదా యనునదియు ఆలోచింపవలసినదే.

ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద ఉన్నంతవరకు గురుశిష్య భావము చెడునని క్రైస్తవులలోనే ఒకడు గట్టిగ పలికెను. అతడు నిజాము రాజ్యములోనే, దోర్నకల్లులో, 1912వ సంవత్సరము చివర బిషప్పయిన అజరయ్య. ఆ పదవికి రెండేండ్ల ముందు, 1910వ సంవత్సరమున, ఎడింబరో మహాసభలో దొరల యెదుట నిలువబడి, మీ త్యాగమును మీ ధనమును ఎరుగుదుము, మాకు కావలసినది స్నేహమని అర్థమువచ్చునట్లు చెప్పగా సభలో కొందరికి కోపము వచ్చెనట. దొర బంగళా వరండాలో నిలుచుండి మాటలాడి పోవు ఉపదేశి, దొరతో భోజనమునకు కూర్చున్న ఉపదేశి, ఒక్క చదువే చదివినను ఒక్కటి నేర్చుకొనరు.

ఇసబెల్ కెర్ 1932వ సంవత్సరమున మరణించెను. భర్త 1938 వరకు పని సాగించెను. డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లో అను వైద్యుడు కలకత్తాకును, పిమ్మట నైజీరియాకును పోయి, 1940 దశకము చివర డాప్సోను మాత్రలను నోటిద్వారా తక్కువ మోతాదులో ఇచ్చి ఈ వ్యాధిని కుదుర్చవచ్చునని చూపినవారిలో ఒకడయ్యెను. 1982వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుమందుల చికిత్సను విధించినది మొదలు రోగి ఇంటనుండియే కుదురుకొనవచ్చును. ఇంతకంటె శుభమేమున్నది? కాని ఇంటనుండి కుదురుకొనవలెనన్నచో ఇంటిలో చోటుండవలెను.

ఆ ఇండ్లును ఈలోగా మారినవి. 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిజాంసాగరము కట్టబడెను. కాలువనీటి వెంట చెరకు వచ్చెను. 1937వ సంవత్సరమున బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. సర్కారు జిల్లాలనుండి రైతులు వచ్చి పొలములు కొని, క్యాంపులను పేర ఊళ్లు కట్టుకొనిరి. చెరకు నరుకుడు కాలమున కుటుంబమునకు కుటుంబమే కత్తులతో చేలలోనికి పోవును. ఆ నెలలలో రాత్రిబడికి వచ్చువారెవరు? ఉపదేశి దీపము పెట్టుకొని ఎవరికొరకు కూర్చుండును? గుడిసెలో మిగిలిన అవ్వయు, చంటిబిడ్డయు, కీర్తనయు మాత్రమే ఆ కాలపు సంఘము. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ మేర్పడి, ఈ ప్రాంతము మెదకు అధ్యక్షమండలములో చేరెను. పెద్దలు మద్రాసులో కూడి చేసిన ఆ ఐక్యత గొప్పదే. కాని చెరకు చేలలో ఆదివారమునకు వేరు పేరు లేదు.

1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు మరియొక చిక్కు తెచ్చెను. హిందూమతమునకు వేరైన మతము నవలంబించిన వానికి షెడ్యూల్డు కులముల హక్కులు లేవని అది విధించెను. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను మినహాయించిరి గాని క్రైస్తవులను మినహాయింపలేదు. ఆంధ్రప్రదేశమున వారిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగ వేరుపరచిరి. మతము మారినంత మాత్రాన వాడ మారలేదు, బావి మారలేదు, భూమి రాలేదు. హక్కు మాత్రము పోయెను. కావున ఒకే బిడ్డకు దేవాలయపు పుస్తకమున ఒక పేరును, బడి పుస్తకమున మరియొక పేరును వ్రాయించిన తల్లిదండ్రులు కలరు. అబద్ధమాడరాదని రాత్రి నేర్పిన తల్లి, నీ పేరేమని పంతులుగారడిగినచో ఏది చెప్పవలెనో ఉదయమున నేర్పవలసివచ్చెను. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరాడదు.

బోధను కర్మాగారము 2015వ సంవత్సరము డిసెంబరులో మూతపడెను. కుష్ఠరోగము విషయమున న్యాయశాస్త్రము చేసినదొకటి చెప్పి ముగింతుము. మన వివాహ చట్టములు పెక్కింటిలో భర్తకు గాని భార్యకు గాని ఈ వ్యాధి యుండుట విడాకులకు తగిన కారణముగ నుండెను. క్రైస్తవుల విడాకుల చట్టము 1869వ సంవత్సరపుది. అందు ఈ కారణము మొదట లేదు. వ్యాధి కుదురునని లోకమంతయు ఎరిగిన పిమ్మట, 2001వ సంవత్సరపు సవరణచేత దానిని క్రొత్తగా చేర్చిరి. 2019వ సంవత్సరమున పార్లమెంటువారు ఐదు చట్టములలోనుండి ఒక్కమారుగ దానిని తొలగించిరి. అప్పటికి డిచ్‌పల్లి వైద్యశాల వెలసి 104 సంవత్సరములయ్యెను.