వీఆర్ హెడ్‌సెట్ కొనే ముంగట వైఫై డబ్బా ఏడుందో చూడుర్రి

మా కిషన్‌బాగ్ గల్లీలల్ల ఇండ్లు గోడకు గోడ ఆనుకోని ఉంటయి. మంచం, బీరువా, కంప్యూటర్ అన్నీ ఒక్క రూంలనే. అయినా పీసీ గేములు ఆడే పోరగాండ్లకు కొదువ లేదు. ఈ నడుమ వాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, వీఆర్ హెడ్‌సెట్ వైరుది కొనాల్నా, వైర్‌లెస్‌ది కొనాల్నా?" ఊర్లకెల్లి ఫోన్ చేసే తమ్ముళ్లు, చెల్లెండ్లు గూడ గిదే అడుగుతున్నరు. నేను కంప్యూటర్ చదువులు చదివినోన్ని కాదు, ఇప్పి చూసి, అడిగి నేర్చుకున్నోన్ని. నేను చెప్పేది ఒక్కటే: హెడ్‌సెట్ ఆఖర్ల చూడుర్రి. ముందుగాల మీ పీసీ, మీ వైఫై, మీ రూము చూసుకోవాలె.

పీసీకి తాకత్ ఉందా?

2020ల వచ్చిన 'హాఫ్-లైఫ్: అలిక్స్' గేమునే తీసుకుందాం. దానికి కనీసం ఐ5-7500 లేకుంటే రైజెన్ 5 1600 ప్రాసెసర్, 12 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060 అసొంటి గ్రాఫిక్స్ కార్డు కావాలె. మీ పీసీ ఇంతకు తక్కువుంటే హెడ్‌సెట్ పైసలు దాని మీద పెట్టుడే నయం.

వైరుది ఎవలకు?

అసలైన వైరు హెడ్‌సెట్ల బొమ్మ గ్రాఫిక్స్ కార్డుకెల్లి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మీద సీదా కండ్ల ముంగటికొస్తది. ఛార్జింగ్ ఫికర్ ఉండది. 2019ల వచ్చిన వాల్వ్ ఇండెక్స్ ఈ తీరుదే. కాని దానికి బేస్ స్టేషన్లు గోడకో, స్టాండుకో బిగియ్యాలె. సోనీ పీఎస్ వీఆర్2కు అవి అక్కర లేదు. 2024 ఆగస్టు నుంచి పీసీకి గూడ పెట్టొచ్చు. దానికి అడాప్టర్ వేరే కొనాలె, పీసీకి డిస్‌ప్లేపోర్ట్ 1.4, బ్లూటూత్ ఉండాలె.

ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు జర పైలం. శానా వాటికి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటది, అది ఈ పనికి రాదు. యూఎస్‌బీ-సీ ఉన్నా, అది గ్రాఫిక్స్ కార్డుకు కలిసిందో లేదో మోడల్ నంబర్ కొట్టి చూడుర్రి.

వైర్‌లెస్‌ది ఎవలకు?

మెటా క్వెస్ట్ 3 2023ల వచ్చింది, దానికంటే అగ్గువ క్వెస్ట్ 3ఎస్ 2024ల వచ్చింది. ఇవి వైరుతోటీ నడుస్తయి, వైఫై మీదా నడుస్తయి. కాని యూఎస్‌బీ వైరు పెట్టినా వీటిల్ల బొమ్మ వీడియో లెక్క కుదించే వస్తది. కాబట్టి వైరు పెట్టంగనే ఇండెక్స్ లెక్క సీదా బొమ్మ రాదు. వైఫై ఆగుడు, కొట్టుకునుడు మాత్రం పోతది. బ్యాటరీ సుమారు రెండు గంటలు.

మందికి తెల్వని ముచ్చట ఇంకోటి ఉంది. ఇంట్ల పీసీకెల్లి హెడ్‌సెట్‌కు బొమ్మ పంపనీకి ఇంటర్నెట్ ప్లాన్ స్పీడుతోటి పని లేదు. గేము డౌన్‌లోడ్‌కే అది. వైర్‌లెస్‌ల ఆడాలంటే రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌ది ఉండాలె, ఆడే రూంలనే ఉండాలె, పీసీని ల్యాన్ వైరుతోటి దానికి కలపాలె. మిద్దె మీద ఓనర్ వైఫై కింద రూంల పట్టుకోని ఆడుతమంటే బొమ్మ ఆగుతది, తల తిరుగుతది. పీసీ గూడ వైఫై మీదనే ఉంటే ఇంక అధ్వానం. స్టీమ్ లింక్, ఎయిర్ లింక్ ఉత్తగనే వస్తయి. వర్చువల్ డెస్క్‌టాప్ కొనుక్కోవాలె.

రూము కొలువుర్రి

నడుచుకుంట ఆడే గేములకు రెండు మీటర్ల పొడువు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ జాగ కావాలె. అంత లేకుంటే కూసోని ఆడేవి చూసుకోర్రి. రేకుల ఇంట్ల ఫ్యాన్ కిందికుంటది, చేతులు లేపేటప్పుడు పైలం. చెమటకు తడిసిందని హెడ్‌సెట్‌ను ఎండల పెట్టొద్దు. అద్దాలు ఎండను ఒక్కతాన కూడగట్టి లోపలి స్క్రీన్‌ను కాలుస్తయి. 10 ఏండ్ల లోపు పిల్లలకు వద్దని మెటానే చెప్తది.

మోసపోవద్దు

సెకండ్ హ్యాండ్‌ల హెచ్‌పీ రివర్బ్ జీ2, లెనోవో ఎక్స్‌ప్లోరర్ అసొంటివి అగ్గువకు దొరుకుతయి. అవి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ మీద నడిచేవి. విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్నే తీసేసింది. సికింద్రాబాద్ సీటీసీల కొన్నా, ఆన్‌లైన్‌ల కొన్నా బిల్లు అడుగుర్రి. బయటి దేశం పీస్ అయితే మన దేశంల వారంటీ నడుస్తదా లేదా రాసియ్యమనుర్రి.

ఆఖరుకు నా మాట. డెస్క్‌టాప్, మంచి గ్రాఫిక్స్ కార్డు, కదలని జాగ ఉంటే వైరుది. ఒక్క రూము ఇల్లు, ల్యాప్‌టాప్, అందరు వాడేదైతే క్వెస్ట్ 3ఎస్ కొని యూఎస్‌బీ వైరుతోటి మొదలు పెట్టుర్రి, రౌటర్ పైసలు జమైనంక చూడొచ్చు. ఒక్కలే కిస్తీల మీద కొనే బదులు నలుగురు దోస్తులు కలిసి ఒకటి కొనుర్రి. మొకానికి తాకే మెత్త ఎవలది వాళ్లు పెట్టుకోర్రి. కొత్త టెక్నాలజీ హైటెక్ సిటీ ఫ్లాట్లదే కాదు, మనది గూడ. కాని అప్పు చేసి, ఇంట్లోళ్ల కడుపు మాడ్చి తెచ్చుకునేంత గొప్ప బొమ్మ మాత్రం కాదది.