కప్పాఫైకస్: గాజుసీసా నుంచి తెప్ప దాకా

సముద్ర నాచు టిష్యూ కల్చర్ చరిత్రను వరుస విజయాల కథగా చెప్పడం అలవాటైపోయింది. 1978లో చెన్, టేలర్ కాండ్రస్ అనే ఎర్ర నాచు కణజాలాన్ని పెంచారు. 1990ల మొదట్లో డాస్ బృందం ఫిలిప్పీన్స్ సాగు నాచులపై పనిచేసింది. 2003లో భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కప్పాఫైకస్ అనే సాగు నాచు కాలస్ (ల్యాబ్‌లో పెంచిన కణాల ముద్ద) నుంచి పూర్తి మొక్కలు తీశారు. ఆపై అవి రైతుకు అందాయంటూ కథ ముగుస్తుంది.

ఆ చివరి వాక్యం ఇరవయ్యేళ్లకు పైగా కాలాన్ని దాటేస్తోంది. ల్యాబ్ మొక్కలు సాగు మొక్కల కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా పెరిగాయని 2003లోనే తేలింది. అయినా రామనాథపురం తీరంలో తెప్పలు కట్టే మహిళా సంఘాలు కోతలో కొంత దాచి, ఆ ముక్కలనే మళ్లీ కట్టాయి. సుమారు 45 రోజులకో కోత. విత్తనం తమ తెప్ప మీదే దొరుకుతుంటే ల్యాబ్ మొక్కకు డబ్బెవరు పెడతారు? ఆలస్యానికి సాంకేతిక లోపాన్నే కారణంగా చూపేవారు ఈ లెక్కను పట్టించుకోరు.

2012లో దేశంలో సుమారు 1,500 టన్నులకు చేరిన ఎండు నాచు దిగుబడి 2013 నుంచి కుప్పకూలింది. నీరు వేడెక్కడమే కారణమన్నారు. వేడి కారణం కాదనను. కొమ్మలు తెల్లబడి విరిగిపోయే ఐస్-ఐస్ తెగులుకు అది దారి తీస్తుంది. కానీ ఇక్కడి సాగుకు మూలం 1984లో జపాన్ నుంచి తెచ్చిన ఫిలిప్పీన్స్ నాచు. దాన్నే ముక్కలు చేసి పెంచుతూ వచ్చాం. వేర్వేరు దేశాల్లో సాగయ్యే కప్పాఫైకస్ అల్వారెజీ జన్యుపరంగా దాదాపు ఒకటేనని 2006లో జుకరెల్లో బృందం చూపింది. ఒక మొక్క తట్టుకోలేని వేడిని దాని నకళ్లు మాత్రం ఎలా తట్టుకుంటాయి?

2025లో తమిళనాడు రైతులకు టిష్యూ కల్చర్ మొక్కలు పంచడం నాకు సంతోషమే. ల్యాబ్‌లో శుభ్రపడిన మొక్కకు అంటుకునే పరాన్నజీవి నాచులు తగ్గుతాయి, చురుకు తిరిగొస్తుంది. అయితే కాలస్ నుంచి వచ్చేదీ తల్లి మొక్కకు నకలే. అరుదుగా తలెత్తే చిన్న తేడాల మీద పథకాలు కట్టలేం. బ్రెజిల్‌లో పౌలా బృందం 1999లోనే, జన్యువులు కలగలిసి ఏర్పడే టెట్రాస్పోర్ల సంతానం నుంచి కొత్త రకాలు ఎంచింది. మన నర్సరీలు ఒకే తల్లిని లక్షలుగా పెంచే పనికే పరిమితమైతే, 2013 నాటి బలహీనతను మరింత శుభ్రంగా, మరింత వేగంగా తీరమంతా పరిచినట్టే. స్పోర్ల ద్వారా రకాల ఎంపికకు నిధులు లేని నాచు పథకాన్ని నేను సగం పథకంగానే చూస్తాను.