ఖరగ్‌పూర్‌లో రత్నం కొంటున్నారా? ముందు పేరు తేల్చుకోండి

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉద్యోగాలకు వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గోల్‌బజార్‌లో మూడు భాషలు మాట్లాడటం మామూలే. ఉంగరంలో పెట్టించుకునే రాయి విషయానికొస్తే మాత్రం ఆ మూడు భాషలే చిక్కు తెచ్చిపెడతాయి. మన కెంపు హిందీలో మాణిక్, బెంగాలీలో చుని. పగడం హిందీలో మూంగా, బెంగాలీలో పొలా. (పెళ్లయిన బెంగాలీ స్త్రీలు శంఖు గాజుతో పాటు వేసుకునే ఎర్ర గాజునూ పొలా అనే అంటారు. ఇప్పుడు వాటిలో ప్లాస్టిక్‌వీ ఉంటాయి.)

అసలు గందరగోళం పుష్యరాగం దగ్గర. హిందీలో పుఖ్‌రాజ్, బెంగాలీలో పోఖ్‌రాజ్ అంటే సాధారణంగా ఎల్లో సఫైర్. తెలుగులో పుష్యరాగం అనే మాటను టోపాజ్‌కూ వాడతారు, సఫైర్‌కూ వాడతారు. ‘గోల్డెన్ టోపాజ్’ పేరుతో అమ్మేది చాలాసార్లు టోపాజ్ కూడా కాదు, సిట్రిన్ అనే పసుపు క్వార్ట్జ్. రంగు చూస్తే మూడూ ఒకేలా ఉండవచ్చు. ధరలో మాత్రం పోలికే లేదు. సాంద్రత సఫైర్‌కు 4, టోపాజ్‌కు 3.5, క్వార్ట్జ్‌కు 2.65. అంటే ఒకే పరిమాణంలో ఉన్న సఫైర్ సిట్రిన్ కంటే ఒకటిన్నర రెట్లు బరువు తూగుతుంది.

గాజు మీద గీసి చూపిస్తే నమ్మకండి. చవకైన సిట్రిన్ కూడా గాజును గీస్తుంది. పాలలో వేసి చూడటం వల్ల తేలేదేమీ లేదు. పదింతలు పెద్దదిగా చూపే లూప్‌తో చూస్తే గాజు రాయిలో గుండ్రటి గాలి బుడగలు కనిపించవచ్చు. కృత్రిమ కెంపును పట్టుకోవడం అంతకంటే కష్టం. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నెయ్ 1902లో ప్రకటించిన పద్ధతిలో తయారయ్యే కెంపు కూడా అల్యూమినియం ఆక్సైడే, కాఠిన్యమూ అదే 9. లోపలి వంపు గీతలను బట్టి దాన్ని గుర్తిస్తారు, దానికి అనుభవమున్న కన్ను కావాలి.

సహజమైన రాయి అయినంత మాత్రాన సరిపోదు. వేడి చేసి రంగు మెరుగుపరచడం ఈ వ్యాపారంలో మామూలే, ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పులేదు. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపు వేరే కథ. కంసాలి వాడే ఆమ్లానికి, మంటకు అది పాడైపోతుంది.

బరువును క్యారట్లలోనే అడగండి. క్యారట్ అంటే కచ్చితంగా 0.2 గ్రాములు. రత్తికి మాత్రం ఒక లెక్కలో సుమారు 0.12 గ్రాములు, జాతకరత్నాల లెక్కలో సుమారు 0.18 గ్రాములు.

ఉంగరం మీది హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. అందుకే ఖరీదైన రాయిని పొదిగించక ముందే, విడిగా, ల్యాబ్ పరీక్షకు పంపాలి. జైపూర్‌లో 1972 నుంచి అలాంటి ల్యాబ్ ఉంది. రిపోర్టు వచ్చాక అందులోని బరువు, కొలతలు చేతిలోని రాయితో సరిపోయాయో లేదో చూసుకోండి. రాయి సూచించిన జ్యోతిష్కుడు అదే దుకాణంలో కూర్చునేవాడైతే, కొనడం ఇంకోచోట పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

బిల్లులో ‘పుఖ్‌రాజ్ ఒకటి’ అని రాస్తే ఒప్పుకోకండి. నేచురల్ ఎల్లో సఫైర్ అనీ, వేడి చేశారో లేదో, ఎన్ని క్యారట్లో రాయించుకోండి. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, జిల్లా కమిషన్‌కు వెళ్లినా చూపించాల్సింది ఆ కాగితమే.