రక్తక్యాన్సర్ నుంచి సోరియాసిస్ దాకా: ఒక మందు చరిత్ర

ఫోలిక్ ఆమ్లం అందకపోతే శరీరంలో కొత్త కణాలు సరిగా తయారుకావు. రక్తహీనతకు మందైన ఈ విటమిన్‌ను 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల కృత్రిమంగా తయారుచేసింది. అక్కడి పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను రక్తక్యాన్సర్ పిల్లలకు ఇస్తే జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. అసలు మలుపు ఇదే. విటమిన్ క్యాన్సర్‌కు మేత అవుతుంటే, దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బును ఆపాలి కదా! అలాంటి అమినోప్టెరిన్ సుబ్బారావు బృందం నుంచే వచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే. అయినా రక్తక్యాన్సర్ మందులకు లొంగుతుందని తేలింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఈ మందు సోరియాసిస్ అనే చర్మవ్యాధికీ పనిచేస్తుందన్న సంగతి అనుకోకుండా బయటపడింది. కీళ్లవాతానికి అమినోప్టెరిన్ వాడిన రోగుల్లో సోరియాసిస్ మచ్చలు మాయమైనట్టు 1951లో గబ్నర్ అనే వైద్యుడి బృందం వెల్లడించింది. ఆ జబ్బులోనూ చర్మకణాలు అతివేగంగా పెరుగుతాయి మరి. తర్వాత అమినోప్టెరిన్ స్థానాన్ని దాని సోదర రసాయనం మెథోట్రెక్సేట్ ఆక్రమించింది. మెదడు పొరల్లోకి పాకిన రక్తక్యాన్సర్‌కు దీన్ని వెన్నులోకి ఎక్కిస్తారు. సోరియాసిస్‌కు మాత్రం వారానికి ఒక్కసారే వాడాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.