చేరినా ముట్టని సరుకు: గిడ్డంగి స్వీకరణలో జాప్యం, లెక్కల దోషాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ వర్తకులు తమ సరుకును తృతీయపక్ష గిడ్డంగులకు పంపినప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవడంలో జరిగే జాప్యం, దొర్లే దోషాలు కేవలం సాంకేతిక లోపాలుగా కనిపిస్తాయి. ఇవి వర్తక చరిత్రలో పాత సమస్యకు కొత్త రూపాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉత్తర కోరమాండల్ వస్త్రవర్తకం, 19వ శతాబ్ది షికాగో ధాన్యపు గిడ్డంగులు, స్వతంత్ర భారతదేశపు గిడ్డంగి చట్టాలు అనే మూడు సందర్భాల ఆధారంగా, లెక్క వేసే అధికారం ఎవరిది అనే ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గిడ్డంగి, స్వీకరణ, రసీదు, మస్టరు, పుంజం, తృతీయపక్షం, ఆన్‌లైన్ వర్తకం

1. ఉపోద్ఘాతం

తెలుగు వర్తక వ్యవహారంలో 'చేరింది', 'ముట్టింది' అనే రెండు మాటలు ఉన్నాయి. బండి గిడ్డంగి వాకిలికి వస్తే సరుకు చేరినట్టు. లెక్క చూసి, పుచ్చుకున్నామని రసీదు రాసి ఇస్తే ముట్టినట్టు. ఈ రెండింటి నడుమ కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో సరుకు పంపినవాడి చేతిలో ఉండదు, పుచ్చుకున్నవాడి లెక్కలోనూ ఉండదు. తరిగినా, తారుమారైనా, చెడినా నష్టం ఎవరిదనే వివాదం అక్కడే పుడుతుంది.

'గిడ్డంగి' అనే పదమే ఈ స్థితిని సూచిస్తుంది. యూల్, బర్నెల్ సంకలనం చేసి 1886లో ప్రచురించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 'గోడౌన్' అనే ఇంగ్లీషు పదాన్ని చర్చిస్తూ మలయ్ రూపంతో పాటు తమిళ 'కిడంగు', తెలుగు 'గిడ్డంగి' రూపాలను ప్రస్తావించింది. 'పడి ఉండు' అనే అర్థం గల ధాతువుతో వాటికి సంబంధం చూపింది. ఆ వ్యుత్పత్తి ప్రకారం గిడ్డంగి అంటే సరుకు పడి ఉండే చోటు. ఎంతకాలం పడి ఉంటుంది, ఎవరి పేరున పడి ఉంటుంది అన్నవే ఈ వ్యాసంలోని ప్రశ్నలు.

2. ఉత్తర కోరమాండల్: కొనుగోలుదారే లెక్కరి

మచిలీపట్నంలో డచ్చివారు 1605లోనూ, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లోనూ వర్తకస్థావరాలను ఏర్పరచుకున్నారు. వస్త్రాల కొనుగోలు ముందస్తు సొమ్ము పద్ధతిలో సాగేది. కంపెనీ స్థానిక వర్తకులకు సొమ్ము ఇచ్చేది, వారు నేతగాళ్లకు ఇచ్చేవారు. ఏ రకం బట్ట కావాలో తెలియజేయడానికి మస్టరు అనే నమూనా ఉండేది. తయారైన బట్టను కంపెనీ గిడ్డంగికి తెచ్చినప్పుడు దాన్ని మస్టరుతో పోల్చి, పొడవు వెడల్పులు కొలిచి, నేత సాంద్రత చూసి తరగతులుగా విడదీసేవారు. తరగతి తగ్గితే ధర తగ్గేది, అదీ కుదరకపోతే తిరస్కరించేవారు.

నేత సాంద్రతకు తెలుగుసీమలో కొలమానం పుంజం. పడుగులో 120 పోగులు ఒక పుంజం. ఒకే పన్నాలో పుంజాలు పెరిగినకొద్దీ బట్ట చిక్కనవుతుంది. కాగితం మీద ఇది కచ్చితమైన కొలత. కానీ చేతితో వడికిన నూలు, చేతితో నేసిన బట్ట ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. మస్టరు మాత్రం అన్నీ ఒకేలా ఉండాలని కోరుతుంది. ఆ తేడాను దోషంగా చూడాలా, సహజమని వదలాలా అన్నది తరగతి నిర్ణయించేవాడి ఇష్టం మీద ఆధారపడింది. అతడు కొనుగోలుదారు ఉద్యోగి.

జాప్యానికి ఇక్కడ ప్రత్యేకమైన బరువుంది. అక్టోబరు నడిమి నుండి ఈశాన్య ఋతుపవనాల వేళ ఈ తీరంలో ఓడలు నిలవడం ప్రమాదకరం. ఓడల రాకపోకలకు కాలం కట్టుబడి ఉన్నందువల్ల, పరిశీలన ముగియని బట్ట ఆ సంవత్సరపు ఎగుమతికి అందకపోవచ్చు. బట్ట ముట్టే వరకు వర్తకుడి బాకీ తీరదు, వర్తకుడి బాకీ తీరే వరకు నేతగాడికి పూర్తి కూలి రాదు.

అయినా తొలిదశలో ఉత్పత్తిదారుకు ఒక ఆసరా ఉండేది. 18వ శతాబ్ది దక్షిణభారత నేతగాళ్లపై పరిశోధించిన ప్రసన్నన్ పార్థసారథి, ముందస్తు సొమ్మును తిరిగి ఇచ్చి ఒప్పందం నుండి తప్పుకునే స్వేచ్ఛ వారికి ఉండేదని చూపారు. ఒకరు తిరస్కరించిన బట్టను కొనడానికి డచ్చివారు, ఫ్రెంచివారు, ఆసియా వర్తకులు ఉండేవారు. 1760ల తర్వాత ఉత్తర సర్కారులపై కంపెనీకి రాజ్యాధికారం రావడంతో ఈ వెసులుబాటు సన్నగిల్లింది. కంపెనీకి పని చేసే నేతగాడు ఇతరులకు అమ్ముకోవడంపై ఆంక్షలు వచ్చాయి. 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది తొలినాళ్లలో ఈ ప్రాంతపు నేతగాళ్లు చేసిన ప్రతిఘటనలను, సమర్పించిన అర్జీలను పి. స్వర్ణలత పరిశోధన వెలుగులోకి తెచ్చింది. లెక్క వేసే పద్ధతి మునుపటిదే అయినా, లెక్క నచ్చనప్పుడు వేరే దారి లేకపోవడం కొత్త పరిణామం.

3. షికాగో: గిడ్డంగి వేరొకరిది

కోరమాండల్‌లో గిడ్డంగి కొనుగోలుదారుదే. అమ్మేవాడూ కొనేవాడూ కాని మూడోవాడు గిడ్డంగిని నడిపినప్పుడు న్యాయం తేలికవుతుందని అనుకోవచ్చు. ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందో 19వ శతాబ్ది అమెరికాలోని షికాగో చెబుతుంది.

తొలినాళ్లలో అక్కడ గోధుమలు బస్తాలలో వచ్చేవి. ఎవరి బస్తా ఎవరిదో చివరిదాకా తెలిసేది. ఆవిరియంత్రంతో పనిచేసే 'ఎలివేటర్' గిడ్డంగులు వచ్చాక ధాన్యాన్ని విడిగా ఎత్తి పెద్ద గాదెలలో పోయడం మొదలైంది. ఒకరి ధాన్యం మరొకరి ధాన్యంతో కలిసిపోయింది. అందువల్ల తరగతులు అవసరమయ్యాయి. 1848లో ఏర్పడిన షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1850లలో గోధుమల తరగతులను నిర్దేశించింది. రైతుకు దక్కే రసీదు ఇక అతని ధాన్యానికి కాదు, ఆ తరగతికి చెందిన అంత పరిమాణానికి మాత్రమే. ఈ మార్పును విలియం క్రోనన్ 1991లో వెలువడిన 'నేచర్స్ మెట్రోపొలిస్' గ్రంథంలో వివరంగా చర్చించాడు.

వేగం పెరిగింది, అనుమానమూ పెరిగింది. మంచి ధాన్యాన్ని తక్కువ తరగతిగా రాస్తున్నారని, తరగతులను కలిపి పై తరగతిగా అమ్ముతున్నారని, లేని ధాన్యానికి రసీదులు పుట్టిస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి. గిడ్డంగి యజమాని పేరుకు మూడోవాడే అయినా, లెక్కలోని ప్రతి తేడాలోనూ అతనికి లాభం ఉంది. 1870 నాటి ఇల్లినాయ్ రాష్ట్ర రాజ్యాంగం ధాన్యపు గిడ్డంగుల కోసం ప్రత్యేక అధికరణాన్ని చేర్చింది. 1871లో రైల్వేలు, గిడ్డంగుల కమిషన్ ఏర్పడి, తరగతి నిర్ణయం రాష్ట్ర తనిఖీదారుల పరిధిలోకి వచ్చింది. గిడ్డంగుల రుసుములపై పరిమితిని సవాలు చేసిన 'మన్ వర్సెస్ ఇల్లినాయ్' వ్యాజ్యంలో 1877లో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షాన తీర్పిచ్చింది. ప్రజాప్రయోజనంతో ముడిపడిన వ్యాపారంపై ప్రభుత్వ నియంత్రణ చెల్లుతుందని పేర్కొంది.

4. భారతీయ చట్టాలు: రసీదుకు విలువ

మన దేశంలో 1872 నాటి ఒప్పంద చట్టం పరుల సరుకును భద్రపరచేవాడి బాధ్యతను నిర్వచించింది. 151వ సెక్షన్ ప్రకారం, సామాన్య వివేకం గల మనిషి తన సొంత సరుకు పట్ల ఎంత జాగ్రత్త చూపుతాడో అంత జాగ్రత్త అతడు చూపాలి. ఈ సూత్రం అప్పగింత తర్వాతి భద్రత గురించి స్పష్టంగా చెబుతుంది. ఎంత అప్పగించారన్నదే వివాదమైనప్పుడు మాత్రం రసీదే ఆధారం.

అఖిల భారత గ్రామీణ రుణ సర్వే నివేదిక 1954లో గిడ్డంగుల వ్యవస్థను సిఫారసు చేసింది. 1956లో చట్టం, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ వచ్చాయి. 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం 2010లో అమలులోకి వచ్చి, బదిలీ చేయదగిన రసీదులు ఇచ్చే గిడ్డంగులకు నమోదును తప్పనిసరి చేసింది. రసీదులో సరుకు పరిమాణం, నాణ్యత వంటి వివరాలు ఉండాలని నిర్దేశించింది. ఈ వ్యవస్థ ప్రధానంగా వ్యవసాయోత్పత్తుల చుట్టూ అల్లుకున్నది.

5. ఆన్‌లైన్ గిడ్డంగి: అంకెల స్వీకరణ

2006లో అమెజాన్ సంస్థ అమెరికాలో ఇతర వర్తకుల సరుకును తన గిడ్డంగులలో నిల్వచేసి, కొనుగోలుదారుకు పంపే సేవను ప్రారంభించింది. ఆ నమూనా తర్వాత విస్తరించింది. భారతదేశంలో 2016 నాటి మూడవ ప్రెస్ నోట్ ప్రకారం, ఆన్‌లైన్ విపణి వేదికలు వర్తకులకు గిడ్డంగి, రవాణా సేవలు అందించవచ్చు.

మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న వర్తకురాలు మూడు పెట్టెలలో 60 చీరలు పంపిందనుకుందాం. ముందుగా సరుకు వివరాలను వ్యవస్థలో నమోదు చేయాలి, చీరచీరకూ బార్‌కోడ్ చీటీ అంటించాలి, దింపుడుకు సమయం తీసుకోవాలి. లారీ వెళ్లాక గిడ్డంగి సిబ్బంది మూడు పెట్టెలు చేరాయని సంతకం చేస్తారు. ఆ సంతకం పెట్టెలకే గాని లోపలి చీరలకు కాదు. పెట్టెలు విప్పి, చీటీలు స్కాన్ చేసి, అరలలో సర్దిన తర్వాతే చీరలు అమ్మకానికి వస్తాయి. పండుగ రద్దీలో ఇది రోజుల తరబడి సాగవచ్చు. చివరికి 57 అని నమోదైతే, మిగిలిన మూడు దారిలో పోయాయా, వేరే వర్తకుడి అరలోకి వెళ్లాయా, అసలు పెట్టెలోనే లేవా అన్నది ఆమె తేల్చుకోలేదు.

దోషాలన్నీ గిడ్డంగివే కావు. తప్పు చీటీ అంటించడం, రంగులు కలిపి సర్దడం, నమోదుకు మించి పంపడం వర్తకుల వైపు తరచూ కనిపించే లోపాలు. చేనేతకు మరో చిక్కు ఉంది. ఒకే చీటీ కింద ఉన్న చీరలన్నీ ఒకటేనని యంత్రం భావిస్తుంది. అంచులోనో రంగులోనో సహజంగా వచ్చే తేడా అక్కడ 'వేరే సరుకు'గా మారవచ్చు. మస్టరు ముందు నిలిచిన నాటి బట్టకు వచ్చిన ఇబ్బందే ఇది.

నష్టం చీర ధరతో ఆగదు. ముట్టని సరుకులో పెట్టుబడి చిక్కుకుంటుంది, పండుగ అమ్మకం దాటిపోతుంది. కేంద్ర జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ప్రకారం పోయిన సరుకుపై ఇన్‌పుట్ పన్ను జమ కూడా దక్కదు.

ఈ పోలికకు హద్దు ఉంది. కంపెనీ పరిశీలనలో ధర తగ్గించే ప్రయోజనం ఉండేది. నేటి దోషాలలో అధికభాగాన్ని రద్దీ, తొందర, అలసట వంటి కారణాలతోనే వివరించవచ్చు. కానీ లెక్కకూ తీర్పుకూ కర్త ఒక్కరే కావడం రెండుచోట్లా సమానం. గిడ్డంగి తన లెక్కను తానే సరిచూసి, ఫిర్యాదును తానే పరిష్కరిస్తుంది.

6. ముగింపు

స్వీకరణ సమస్యకు వేగమొక్కటే పరిష్కారం కాదని చరిత్ర చూపుతోంది. ఎలివేటర్ దింపుడును వేగవంతం చేసింది, కానీ నమ్మకం కోసం తనిఖీదారు కావలసివచ్చాడు. 1974లో అమెరికాలో ఒక దుకాణంలో తొలిసారి స్కాన్ అయిన బార్‌కోడ్ లెక్కను సులభం చేసింది, కానీ లెక్క ఎవరి ఎదుట జరగాలో చెప్పలేదు.

మన మార్కెట్ యార్డులలో 'తరుగు' పేరిట జరిగే కోతపై రైతులు ఎంత ఆవేదన చెందినా, కాంటా పక్కన నిలబడి ముల్లు చూసే అవకాశం వారికి ఉంది. ఆన్‌లైన్ వర్తకురాలికి అదీ లేదు. పెట్టె విప్పే దృశ్యపు నమోదును ఆమెకు అందుబాటులో ఉంచడం, చేరిన తేదీనీ ముట్టిన తేదీనీ వేర్వేరుగా రసీదులో చూపడం, నిర్ణీత గడువు దాటితే బాధ్యత గిడ్డంగికి మారేలా ఒప్పందం రాయడం, వివాదాన్ని స్వతంత్ర తనిఖీకి అప్పగించడం అవసరం. ధాన్యపు రసీదుకు చట్టం ఇచ్చిన గౌరవం చీరల పెట్టెకూ దక్కాలి. అలా జరగనంతకాలం సరుకు చేరుతుంది గాని ముట్టదు. ఆ నడిమి కాలపు నష్టం, మచిలీపట్నం నాటిలాగే, సరుకు పంపినవారి మీదే పడుతుంది.