భిలాయిలో ఇల్లు: కొనే ముందు, అద్దెకిచ్చే ముందు

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో ఇల్లు కొనదలచినవారు ధర కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటున్నది: ఆ నేల ఎవరిది?

సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన అనేక తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. ఖుర్సీపార్ వంటి బస్తీలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. పదవీ విరమణ నాడు చేతికందే గ్రాట్యుటీ, భవిష్య నిధి సొమ్మే చాలామందికి సొంత ఇంటికి ఆధారం. ఆ సొమ్ము ఒకసారి చేజారితే మళ్లీ సమకూరదు.

టౌన్‌షిప్ లోపల

సెక్టార్లలోని క్వార్టర్లు స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా (సెయిల్) ఆస్తి. ఉద్యోగికి కేటాయించిన క్వార్టరును అమ్మే హక్కు ఆ ఉద్యోగికి ఉండదు. సంస్థ లీజుకిచ్చిన ఇళ్లలోనూ లీజు పత్రంలో రాసిన హక్కులే లభిస్తాయి తప్ప నేలపై యాజమాన్యం రాదు. ఆ లీజును బదిలీ చేయాలంటే పత్రంలోని షరతులను, సంస్థ అనుమతిని ముందుగా పరిశీలించాలి. నోటరీ కాగితాన్ని నమ్మి డబ్బు చెల్లించి కాపురం పెట్టినవారిని, ప్రభుత్వ ఆవరణల నుంచి అనధికార ఆక్రమణదారులను తొలగించే 1971 నాటి చట్టం కింద ఎస్టేట్ అధికారి ఖాళీ చేయించవచ్చు.

టౌన్‌షిప్ వెలుపల

జున్వానీ, కుటేలాభాఠా వంటి చోట్ల స్థలం కొనేటప్పుడు బి-1, ఖస్రా పత్రాలలోని పేరును, విస్తీర్ణాన్ని విక్రేత పత్రాలతో సరిపోల్చాలి. రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ ‘భుఇయా’లో ఇవి లభిస్తాయి. సాగుభూమి నివాస వినియోగానికి మారినట్లు ‘డైవర్షన్’ ఉత్తర్వు ఉండాలి. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌కు రెరా నమోదు సంఖ్య అడగాలి. ఆదివాసీ పేరున ఉన్న భూమిని ఇతరులు కొనాలంటే కలెక్టర్ అనుమతి అవసరం. ఆస్తిపై తనఖా ఉన్నదా అన్నది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో విచారించాలి.

అద్దెకిచ్చేవారికి

ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం, 2011 ప్రకారం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. గడువు ఏడాదికి మించితే దానిని రిజిస్టర్ చేయించాలి. అద్దెను బ్యాంకు ద్వారా స్వీకరించడం, రసీదు ఇవ్వడం ఉభయులకూ రక్ష. కారణం చెప్పకుండానే ఆరు నెలల నోటీసుతో ఖాళీ చేయమని కోరే వీలు యజమానికి ఉన్నది. అయితే ఆ తరువాత 12 నెలల వరకు అదే ఇంటిని హెచ్చు అద్దెకు ఇవ్వరాదు. నీరు, విద్యుత్తు నిలిపివేసి వెళ్లగొట్టడం చట్టవిరుద్ధం. వివాదాలను అద్దె నియంత్రణాధికారి విచారిస్తారు. ఆయన ఉత్తర్వుపై ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ట్రిబ్యునల్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు కల్పించిన నిబంధనను 2019లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది.

అద్దె ఆదాయంపై పన్ను లెక్కించేటప్పుడు, చెల్లించిన పురపాలక పన్ను పోగా మిగిలిన మొత్తంలో 30 శాతం మినహాయింపు లభిస్తుంది. మరమ్మతులకు విడిగా బిల్లులు చూపనక్కరలేదు.

బయానా ఇవ్వకముందే పత్రాలన్నిటినీ స్థానిక న్యాయవాదికి చూపించడం మేలు. దానికయ్యే రుసుము స్వల్పం. అందువల్ల నిలిచేది జీవితకాలపు కష్టార్జితం.