రాగిరేకు మీద హాలిఫాక్స్ రేవు

ముందు నీళ్లు, నీళ్ల మీద తెరచాప ఓడలు, వెనక గట్టు ఎగబాకుతున్న ఇళ్లు. కెనడా చరిత్ర పుస్తకాల్లో 18వ శతాబ్దపు హాలిఫాక్స్ అంటే తరచుగా కనిపించే అచ్చుబొమ్మ ఇదే. దీనికి మూలం రిచర్డ్ షార్ట్ గీసిన ఆరు దృశ్యాల్లో ఒకటి.

షార్ట్ వృత్తి చిత్రకారుడు కాదు. 'ప్రిన్స్ ఆఫ్ ఆరెంజ్' అనే బ్రిటిష్ యుద్ధనౌకలో పర్సర్. నావికుల తిండీ బట్టా లెక్కలు చూసే ఉద్యోగి. ఆయన ఈ బొమ్మలు గీసిన 1759 నాటికి ఊరి వయసు పదేళ్లే. 1749లో బ్రిటిష్ గవర్నర్ ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ దాదాపు రెండున్నర వేలమందిని ఓడల్లో తెచ్చి, మిక్మాక్ ప్రజల నేల మీద దీన్ని కట్టించాడు. ఫ్రెంచివాళ్ల లూయిబర్గ్ కోటకు పోటీగా లేచిన పట్టణమిది. 1759లో కెబెక్ మీదికి వెళ్లిన నౌకాదళానికి ఇది మజిలీ అయింది.

అసలు విశేషం లండన్‌లో జరిగింది. షార్ట్ బొమ్మల్ని చూసి డొమినిక్ సెరెస్ తైలవర్ణ చిత్రాలు వేశాడు. ఓడల చిత్రకారుడిగా పేరుమోసిన ఈయన ఫ్రాన్స్‌లో పుట్టాడు, హాలిఫాక్స్ ముఖం చూసింది లేదు! ఆ చిత్రాల్ని చెక్కుడు పనివాళ్లు రాగిరేకుల మీదికి ఎక్కించారు. అచ్చులో కుడి ఎడమవుతుంది గనక రేకు మీద అంతా తిరగేసి చెక్కాలి. 1764లో అచ్చులు వెలువడ్డాయి. 1777లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, జాన్ బాయ్‌డెల్ అనే ప్రచురణకర్త వాటిని మళ్లీ అచ్చువేశాడు.

మరి ఈ బొమ్మను ఎంతవరకు నమ్మాలి? మబ్బులూ అలలూ తెరచాపల పొంకమూ సెరెస్ చేతి చలవే అనుకుంటాను. ఇళ్లూ వీధులూ మాత్రం పద్దులు రాసే మనిషి కళ్లారా చూసి గీసినవి. ఆరింటిలో ఒకటి సెయింట్ పాల్స్ చర్చిది. 1750లో కట్టిన ఆ చెక్క చర్చి గ్రాండ్ పరేడ్ మైదానం పక్కన నేటికీ ఉంది, పోల్చి చూసుకోవచ్చు. (మన మచిలీపట్నానికీ ఇలాంటి డచ్చి అచ్చుబొమ్మ ఉంది. 1672లో వచ్చిన, బాల్డియస్ అనే డచ్చి రచయిత పుస్తకంలోది. పక్కన పెట్టి చూడ్డానికి అలాంటి కట్టడం అక్కడ దొరకడం కష్టం.)

సెరెస్ తైలచిత్రాల్లో కొన్ని ఇప్పుడు హాలిఫాక్స్‌లోనే, నోవాస్కోషియా ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. అచ్చులకు నకళ్లు బోలెడు. పాతదని ఎవరైనా అమ్మజూపితే భూతద్దం పెట్టండి. రాగిరేకు అచ్చయితే గీతలు తెగకుండా సాగుతాయి, బొమ్మ చుట్టూ రేకు నొక్కుడు గుర్తు కనిపిస్తుంది. వరసగా చుక్కలు కనిపిస్తే అది నిన్నమొన్నటి ఆఫ్‌సెట్ ముద్రణ. పాతదాని ధర ఇవ్వకండి.